మిల్లీమీటరులో వందో వంతు

సంగారెడ్డి,
3 జూన్ 2024, సోమవారం.

చిరంజీవి నిషితకు అమ్మమ్మ ఆశీస్సులు.

నిన్న మనం ఫోనులో తొమ్మిది నిమిషాలు మాట్లాడుకున్నాం. అందులో నువ్వు "ఏం లేదు అమ్మమ్మా" అని పదకొండుసార్లు అన్నావు. నిజంగా ఏమీ లేని మనిషి ఆ మాట ఒకసారి అంటుంది, మహా అయితే రెండుసార్లు. అందుకే ఈ పొద్దున పోస్టాఫీసుకు వెళ్లి పది కవర్లు తెచ్చి, ఇదిగో, రాస్తున్నాను.

విషయం మీ అమ్మ శ్రీలత నాకు చెప్పింది. "నేను చెప్పొద్దు, అదే చెప్తది" అంటూనే మొత్తం చెప్పింది. నువ్వు మీ ఫోర్మన్ దగ్గరకు వెళ్లి లేత్ మిషన్ మీద పని ఇవ్వమని అడిగావట. అతను నవ్వాడట. నువ్వు పటాన్‌చెరు హాస్టల్‌కు తిరిగొచ్చి అన్నం తినకుండా పడుకున్నావట. నువ్వు తినకపోతే ఆ ఫోర్మన్‌కు ఏం తగ్గింది? నీకే ఒక పూట తగ్గింది.

ఇక నుంచి ఆరోగ్యం సంగతి ఫోనులో, అసలు సంగతి ఉత్తరంలో. ఉత్తరం మంచి భాషలో రాయాలి. ఎవరైనా ఏదైనా అంటే మాత్రం వాళ్లు అన్నది అన్నట్టే రాయాలి. "ఏదో అన్నాడు" అని రాస్తే ఒప్పుకోను. ముప్పైనాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. "ఏదో" అనే అంకె నాకు తెలియదు.

మొదటి ప్రశ్న. నీకు కావలసింది ఏమిటి? ఒక్క వాక్యంలో రాయి. ఒక్క వాక్యంలో పట్టకపోతే ఏం కావాలో నీకే ఇంకా తెలియలేదని అర్థం.

నీ అమ్మమ్మ,
నర్సింహమ్మ.


పటాన్‌చెరు,
9 జూన్ 2024.

ప్రియమైన అమ్మమ్మకు నమస్కారాలు.

ఈ ఉత్తరం మూడోసారి రాస్తున్నాను. మొదటి రెండింటినీ నువ్వు చూడకముందే నేనే చింపేశాను కాబట్టి వాటికి మార్కులు వేయలేవు.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మా కంపెనీలో పంపుల లోపల తిరిగే షాఫ్టులు చేస్తారు. షాఫ్ట్ అంటే నీ చపాతీ కర్రంత పొడుగున్న ఉక్కు కడ్డీ. మగవాళ్లు లేత్ మీద దాన్ని గిర్రున తిప్పుతూ చెక్కుతారు. ఆడవాళ్లం ఏసీ గదిలో కూర్చుని దాన్ని కొలుస్తాం. కొలత మిల్లీమీటరులో వందో వంతు తేడా ఉండవచ్చు. అంతకు మించితే ఎర్ర డబ్బాలో వేస్తాం. ఎనిమిది నెలలుగా నేనూ, రేఖ అని ఇంకో అమ్మాయీ చేస్తున్నది ఇదే. నేను ఐటీఐలో చదివింది మాత్రం చెక్కే పని. మా బ్యాచ్‌లో ఇరవై ఒక్క మంది, అందులో ఆడపిల్లను నేనొక్కదాన్నే.

ఫోర్మన్ పేరు శ్రీశైలం. ఆయన అన్నది ఇది: "ఏసీల కూసొని కొలుసుకోక నీకేం పోయేకాలమే? జడ మిషిన్ల పడితే మీ అమ్మకు నేనేం జవాబు చెప్పాలె?"

నేను "జడ టోపీల కట్టుకుంట సార్" అన్నాను.

"చేతులు కరాబైతయ్."

"మీ చేతులు కరాబైనయా?"

అప్పుడు నవ్వాడు. ఆయన చేతులు నిజంగానే కరాబయ్యాయి అమ్మమ్మా. ఎడమ బొటనవేలికి గోరు లేదు. అది నేను అప్పుడే చూశాను.

అయితే ఒక సంగతి ఉంది. ఆగస్టులో కొత్త మిషన్ వస్తోంది. దాని మీదకు కంపెనీలో ఉన్నవాళ్లలోంచే ఒకరిని తీసుకుంటారట. పరీక్ష పెడతారట. ఆడా మగా అని నోటీసులో రాయలేదు. మూలన ఒక పాత లేత్ ఉంది. దాని చుట్టూ పడే ఇనుప రజను రోజూ ఊడిస్తే, షిఫ్ట్ అయ్యాక గంటసేపు దాని మీద నేర్చుకోనిస్తానని శ్రీశైలం సార్ అన్నాడు. ఊడుస్తున్నాను.

నీ ప్రశ్నకు జవాబు: నేను చేసిన వస్తువును ఇంకొకరు కొలవాలి.

నీ మనుమరాలు,
నిషిత.


సంగారెడ్డి,
17 జూన్ 2024.

చిరంజీవి నిషితకు ఆశీస్సులు.

వాక్యం బాగుంది. ఉత్తరంలో "అప్పుడు" అనే మాట రెండుసార్లు వాడావు, ఒకసారి చాలు. అంతకు మించి తప్పులు లేవు.

ఒక నోటుపుస్తకం కొను. నిలువుగా నాలుగు గడులు గీయి. ఎన్నో ప్రయత్నం, రావలసిన కొలత, వచ్చిన కొలత, తేడా ఎందుకు వచ్చింది. నాలుగో గడిలో "నా ఖర్మ" అని రాయవద్దు. నా విద్యార్థులు రాసేవాళ్లు. దానికి నేను మార్కులు వేయలేదు.

నువ్వు రాసిన వందో వంతు గురించి రెండు రోజులు ఆలోచించాను. నిన్న నా జొన్న రొట్టెలను స్కేలుతో కొలిచాను. యాభై ఏళ్లుగా చేస్తున్నాను, గుండ్రంగా చేస్తానని ఊళ్లో పేరు కూడా ఉంది. పది రొట్టెల్లో గుండ్రంగా ఉన్నవి రెండు. ఒకటి అటు ఇరవై సెంటీమీటర్లు, ఇటు పదిహేడు. మీ అమ్మ ఆ సమయానికి వచ్చి, "రొట్టెలకు పరీక్ష వెడుతున్నవానే అమ్మా" అని అడిగింది. ఎందుకు కొలుస్తున్నానో చెప్పలేదు. కొలవకపోతే మన పనితనం మీద మనకు చాలా మంచి అభిప్రాయం ఉంటుందని మాత్రం నాకు అర్థమైంది.

మీ కంపెనీ యజమాని పేరేమిటి? ఏ ఊరివాడు? ఊరికే అడుగుతున్నాను.

అమ్మమ్మ.


పటాన్‌చెరు,
14 జూలై 2024.

వంకర రొట్టెల అమ్మమ్మకు, క్యారెట్ షాఫ్టుల మనుమరాలి నమస్కారాలు.

క్యారెట్ ఎందుకంటే, నా మొదటి షాఫ్ట్ ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా వచ్చింది. శ్రీశైలం సార్ దాన్ని పట్టుకుని షెడ్డంతా తిరిగి అందరికీ చూపించాడు. "కూర వండుకుంటరా? కిలో ఎంతకిస్తవ్ బిడ్డా?" కొత్త మిషన్ కోసం నాతో పాటు పోటీ పడుతున్నవాడు అనిల్. వాడు మాత్రం నవ్వలేదు. "నాదీ ఫస్ట్ గట్లనే వచ్చింది. రెండో సెంటర్ సక్కగ బెట్టలే నువ్వు" అని చెప్పి వెళ్లిపోయాడు. సెంటర్ అంటే కడ్డీ చివరను కదలకుండా పట్టే మొన. వాడు మూడేళ్లుగా లేత్ మీద సహాయకుడు. మంచివాడు కావడం నాకు చాలా ఇబ్బందిగా ఉంది.

పుస్తకం లెక్క: ఇంతవరకు నలభై ఒక్క షాఫ్టులు చేశాను. చేసిన వెంటనే కొలిస్తే పదిహేడు సరిపోయాయి. మర్నాడు పొద్దున కొలిస్తే అందులో మూడే సరిపోయాయి. మిగతా పద్నాలుగూ రాత్రికి రాత్రి సన్నబడ్డాయి. నాలుగో గడిలో ఏం రాయాలో తెలియక వారం రోజులు ఖాళీగా వదిలేశాను. "నా ఖర్మ" అని రాయాలని చాలా అనిపించింది.

సంగతి చివరికి రేఖ వల్ల తెలిసింది. మధ్యాహ్నం అనిల్ ఒక షాఫ్ట్ తెచ్చి ఆమె బల్ల మీద పెడితే, "వేడిగున్నది, సల్లారినంక తే. వేడి మీద ఇనుము ఉబ్బుతది, ఎర్కలేదా?" అని తిప్పి పంపింది. తొమ్మిది నెలలుగా ఆ మాట ఎందరికో నేనే చెప్పాను అమ్మమ్మా. నా సొంత షాఫ్ట్ చేతికి రాగానే మాత్రం ఆగలేక మిషన్ మీదే కొలిచేశాను. చెక్కేటప్పుడు వేడెక్కి ఉబ్బుతుంది, సరిపోయినట్టు కనిపిస్తుంది, చల్లారితే తగ్గిపోతుంది. పద్నాలుగు గడుల్లోనూ ఇప్పుడు ఒకే మాట రాశాను: "తొందర."

యజమాని పేరు సూర్యప్రకాశరావు. సంగారెడ్డిలోనే చదువుకున్నారట. ఎందుకు అడిగావు?

నిషిత.


సంగారెడ్డి,
22 జూలై 2024.

చిరంజీవి నిషితకు ఆశీస్సులు.

నలభై ఒకటిలో మూడు. నూటికి ఏడు. నేను ముప్పైఐదు లేనిదే ఎవరినీ పాస్ చేయలేదు. అయినా తప్పు ఎక్కడుందో కనుక్కున్నావు కాబట్టి తిట్టడం లేదు.

పరీక్ష ఎలా పెడతారో కనుక్కో. షాఫ్టుల మీద పేర్లు ఉంటాయా, నంబర్లు ఉంటాయా? పదో తరగతి పరీక్ష పత్రాలు దిద్దేటప్పుడు మాకు పేర్లు కనిపించేవి కావు. అదే మంచి పద్ధతి.

యజమాని పేరు ఊరికే అడిగానని ముందే రాశాను.

ఈ ఉత్తరం చిన్నదైంది. ఈరోజు నాకు ఇంకో ఉత్తరం కూడా రాసే పని ఉంది.

అమ్మమ్మ.


పటాన్‌చెరు,
1 సెప్టెంబరు 2024.

విశ్రాంత గణిత ఉపాధ్యాయిని శ్రీమతి నర్సింహమ్మ గారికి,

ఆగస్టు 24న పరీక్ష జరిగింది. నేనూ అనిల్ ఒక్కొక్క షాఫ్ట్ చేశాం. చల్లారాక కొలిచారు. ఇద్దరివీ సరిపోయాయి. షాఫ్టుల మీద నంబర్లు లేవు. యజమాని "ఇదెవరిది, అదెవరిది" అని అడిగి, కొత్త మిషన్ నాకు ఇస్తున్నానని అందరి ముందూ చెప్పారు. రేఖ నన్ను ఎత్తి తిప్పింది. అమ్మకు ఫోను చేశాను. అమ్మ ఏడ్చింది. మీకు ఉత్తరంలోనే రాయాలని ఆగాను.

సోమవారం యజమాని నన్ను ఆఫీసుకు పిలిచారు. "నర్సింహమ్మ టీచర్ మనుమరాలివని ముందుగాల చెప్పొద్దా పిల్లా? ఎక్కాలు తప్పితే నన్ను ఎండల నిలవెట్టేది. గామె ఉత్తరం రాస్తే కాదనే ధైర్యం నాకిప్పటికీ లేదు" అని నవ్వారు. బల్ల సొరుగు తీసి ఉత్తరం చూపించారు. మీ చేతిరాత నాకు తెలుసు.

తలుపు దగ్గర అనిల్ ఉన్నాడు. విన్నాడు. "నాకు గసుంటి అమ్మమ్మ లేకపాయె" అన్నాడు. అంతే అన్నాడు. వాడు తిట్టి ఉంటే బాగుండేది.

నోటుపుస్తకంలో నూట తొంభై ఆరు షాఫ్టులున్నాయి. చివరి ఇరవైలో పదిహేడు సరిపోయాయి. చల్లారాకే కొలిచినవి. ఇప్పుడు ఆ మిషన్ నాకు దేనివల్ల వచ్చిందో నాకు తెలియదు. నా షాఫ్ట్ వల్లనా, మీ ఉత్తరం వల్లనా? నాలుగో గడిలో ఏం రాయాలో మీరే చెప్పండి.

కొత్త మిషన్‌ను నేను ఇంతవరకు ముట్టుకోలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి ఇన్‌స్పెక్షన్ గదిలోనే కూర్చుంటున్నాను.

ఇట్లు,
నిషిత.


సంగారెడ్డి,
5 సెప్టెంబరు 2024.

చిరంజీవి నిషితకు,

ఈరోజు ఉపాధ్యాయ దినోత్సవం. పాత విద్యార్థులు నలుగురు శాలువా తీసుకుని వచ్చారు. వద్దని తిప్పి పంపాను. వాళ్లకు కారణం చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

జూలై 22న సూర్యప్రకాశరావుకు పద్నాలుగు పంక్తుల ఉత్తరం రాశాను. నా దగ్గర నకలు ఉంది. నేను ఏ ఉత్తరం రాసినా నకలు ఉంచుకుంటాను. అందులో పదమూడు పంక్తులు వాడి ఆరోగ్యం, పిల్లల చదువు, వర్షాలు. పద్నాలుగో పంక్తి ఇది: "మా నిషిత నీ దగ్గరే పనిచేస్తున్నది, దానిమీద కాస్త దయ ఉంచగలవు." పదమూడు పంక్తులూ ఆ ఒక్క పంక్తిని దాచడానికి రాశాను. ఈ పని నేనెప్పుడూ చేయలేదు. బాగానే చేయగలనని తెలిసి సిగ్గుపడ్డాను.

మీ అమ్మ పదో తరగతిలో నా దగ్గరే లెక్కలు చదివింది. అర్ధసంవత్సర పరీక్షలో దానికి ముప్పైమూడు వచ్చాయి. రెండు మార్కులు కలపలేదు. "కన్నతల్లివేనా నువ్వు" అని అడిగింది. ముప్పై ఏళ్లుగా ఏటా ఒకసారి అడుగుతూనే ఉంది. కన్నకూతురికి రెండు మార్కులు కలపనిదాన్ని మనుమరాలికి మిషన్ ఇప్పించబోయాను. నలభై ఒకటిలో మూడు అని చదివాక భయం వేసింది. నువ్వు ఓడిపోతావని కాదు. ఓడిపోయి మళ్లీ "ఏం లేదు అమ్మమ్మా" అంటావని.

నీ షాఫ్ట్ వల్లే వచ్చిందని రాసి నిన్ను ఊరడించను. నాకు తెలియదు. ఆ పరీక్షను తేలకుండా చేసింది నేను. నాలుగో గడిలో "అమ్మమ్మ" అని రాయి.

సూర్యప్రకాశరావుకు మళ్లీ రాసి సరిచేద్దామని కలం తీశాను. మళ్లీ నేనే చక్కబెట్టడం అవుతుందని పెట్టేశాను. ఏం చేయాలో నువ్వే నిర్ణయించు. ఏమీ చేయకపోయినా నేను అడగను.

ఆశీస్సులు అని రాసే హక్కు ఈసారి నాకు ఉందో లేదో. రాస్తున్నాను.

ఆశీస్సులతో,
అమ్మమ్మ.


పటాన్‌చెరు,
22 సెప్టెంబరు 2024.

అమ్మమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు కోపంగానే ఉన్నాను. అయిదో రోజు ఆ పదమూడు పంక్తులు గుర్తొచ్చి అన్నం తింటూ నవ్వాను. సూర్యప్రకాశరావు గారి ఆరోగ్యం గురించి నువ్వు బెంగపడటం తలచుకుంటే ఇప్పటికీ ఆగడం లేదు.

తర్వాత అనిల్ దగ్గరకు వెళ్లాను. "మళ్ల పరీక్ష వెట్టమని అడుగుదాం, వస్తవా?" అన్నాను.

"గెలిచినంక ఎవడన్న మళ్ల రాస్తడా? దిమాక్ ఖరాబైందా నీకు?"

"నేను గెలిచిన్నో లేదో నాకు ఎర్క లేదు. నీకున్నదా?"

వాడు చేతులు తుడుచుకుని లేచాడు.

యజమాని మొదట విసుక్కున్నారు. "ఏంది లొల్లి? నౌకరీ ఇస్తే వద్దనెటోళ్లను ఇప్పుడే చూస్తున్న." శ్రీశైలం సార్ తలుపు దగ్గర నిలబడి, "పెట్టుండ్రి సార్. ఒక రోజు పోతది, రోజూ షెడ్డుల గుసగుసలు తప్పుతయ్" అన్నాడు.

పద్ధతి నీది. ఒక్కొక్కరం అయిదు షాఫ్టులు చేశాం. ఏ నంబరు ఎవరిదో శ్రీశైలం సార్ ఒక్కడికే తెలిసేలా, వాటి కొసల మీద ఒకటి నుంచి పది వరకు కలగాపులగంగా నంబర్లు కొట్టాడు. పదింటినీ ఏసీ గదిలో ఉంచి, మర్నాడు రేఖ కొలిచింది. "నీవేవో తెలిస్తే జెర కనికరించెటిదాన్ని" అంది. కనికరించదు. నాకు తెలుసు.

అనిల్‌వి అయిదుకు అయిదు సరిపోయాయి. నావి నాలుగు. ఏడో నంబరు మిల్లీమీటరులో వందకు ఒకటిన్నర వంతు తక్కువ వచ్చింది. కొత్త మిషన్ అనిల్‌ది.

ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. ఏడో నంబరు ఎందుకు తగ్గిందో ఆలోచిస్తూ నిలబడ్డాను. చెక్కే టూల్ మొన అరిగింది, నేను చూసుకోలేదు. అనిల్ వచ్చి, "నాలుగు మస్తున్నయ్. అయిదోదానికి టూల్ అరిగిందా?" అన్నాడు. "ఊ" అన్నాను. "సప్పుడు మారుతది. రేపు విను, చెప్త" అన్నాడు.

అప్పుడు శ్రీశైలం సార్ యజమానితో అన్నది అన్నట్టే రాస్తున్నాను: "సార్, పాత మిషిన్ మీద మనిషి పోయి ఆరు నెలలైంది. అయిదింట్ల నాలుగు జేసిన పోరిని ఏసీల కూసోవెట్టుకొని మీరేం జేస్తరు? నాకియ్యండి." యజమాని నావైపు చూసి, "మరి టీచరమ్మకు ఏం రాయాలె?" అన్నారు. "అయిదుకు నాలుగు మార్కులొచ్చినయని రాయుండ్రి సార్" అన్నాను.

పదహారో తేదీ నుంచి పాత లేత్ నాది. రెండో షిఫ్ట్. మొదటి రోజు ముప్పైరెండు షాఫ్టులు చేశాను. మర్నాడు రేఖ రెండింటిని ఎర్ర డబ్బాలో వేసి, నా పేరు రాసిన చీటీ కట్టింది. వాటి మీద నా పేరు చదువుకుని, ఆ సాయంత్రం ఛాయ్ అందరికీ నేనే తాగించాను. శ్రీశైలం సార్‌కు ఏమీ అర్థం కాలేదు. "రిజెక్ట్ అయితే దావత్ ఇచ్చెటోళ్లను చూడలే" అన్నాడు.

మిషన్ పాతది. చప్పుడు చేస్తుంది, మొండిది, ఎవరి మాటా వినదు. సంగారెడ్డిలో ఉన్నట్టే ఉంది.

నీ
నిషిత.


సంగారెడ్డి,
30 సెప్టెంబరు 2024, సోమవారం.

చిరంజీవి నిషితకు అమ్మమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చివరి మూడు వాక్యాలు నాలుగుసార్లు. మొండిది ఎవరో అడగను.

అయిదుకు నాలుగు అంటే నూటికి ఎనభై. ఆ లెక్క వేయగానే, కొత్త మిషన్ ఇంకొకటి ఎప్పుడు వస్తుందో సూర్యప్రకాశరావును అడిగితే తప్పేముంది అనిపించింది. ఇంత జరిగాక కూడా. వెంటనే నీకు రాయడానికి కూర్చున్నాను.

మీ అమ్మకు మొత్తం చదివి వినిపించాను. నేను సిఫారసు చేసిన సంగతి కూడా. అంతా విని, "నాకు రెండు మార్కులు కలపకపాయె గని" అంది. ఈ ఏడాదికి దాని వంతు అయిపోయింది. తర్వాత నీ నోటుపుస్తకం అడిగింది. తనూ చూస్తుందట.

నువ్వు ఓడిపోయిన ఉత్తరంలో నీ చేతిరాత గెలిచిన ఉత్తరంలో కంటే కుదురుగా ఉంది. ఇది పొగడ్త కాదు, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను.

ఇక జరగవలసినవి:

1. రెండో షిఫ్ట్‌కు వెళ్లేముందు కడుపునిండా తినాలి. సన్నబడవలసింది షాఫ్ట్, నువ్వు కాదు.

2. ఒక ఆదివారం అనిల్‌ను ఇంటికి తీసుకురావాలి. వాడి పరీక్ష పత్రాన్ని పాడుచేసినదాన్ని నేను. క్షమించమని నేనే అడుగుతాను. నువ్వు మధ్యలో మాట్లాడకూడదు.

3. దీంతో పాటు సూర్యప్రకాశరావుకు ఒక్క పంక్తి ఉత్తరం పెట్టాను, కవరు అంటించలేదు. "జూలైలో నేను రాసినదానిని చింపివేయి, అది నేను రాయవలసినది కాదు" అని ఉంది. ఇవ్వాలో వద్దో నీ ఇష్టం. ఇవ్వకపోతే కారణం అడగను.

4. టూల్ అరిగినప్పుడు చప్పుడు ఎలా మారుతుందో తెలుసుకుని నాకు రాయాలి. నాకు అర్థమయ్యేలా రాయగలిగితే నీకు వచ్చినట్టు.

5. ఇకపై నువ్వు అడగనిదే నేను ఎవరికీ ఏమీ రాయను. మరీ ఉండబట్టకపోతే ముందు నీకు రాసి అనుమతి తీసుకుంటాను. నువ్వు కాదంటే వారం రోజులు అలుగుతాను, అంతే.

6. ఆయుధపూజ నాడు మీ షెడ్డులోకి ఇంటివాళ్లను రానిస్తారని విన్నాను. వస్తాను. నేనెవరో ఎవరికీ చెప్పవద్దు. యజమాని గుర్తుపడితే నమస్కారం పెట్టి ముందుకు నడుస్తాను. మొదట అనిల్ మిషన్ చూస్తాను, తర్వాత నీ దగ్గరకు వస్తాను. పసుపు, కుంకుమ, పూలు, గుమ్మడికాయ అన్నీ నువ్వే తెచ్చుకోవాలి. నీ మిషన్‌కు బొట్టు నువ్వే పెట్టాలి. వంకరగా పెట్టినా సరే. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను.